కల్లు వరసలో అంబలి కుండ

“ఏటి తెచ్చేవే?” అని అడిగాడు నా మొగుడు, పెద్దాసుపత్రి మంచం మీద నుంచి.

“ఏటీ తేలేదు,” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి మనిషి లేడు.

ఇది వినగానే నా ఆడపడుచు నర్సమ్మ కలం ఆపి నా ముఖంలోకి చూస్తోంది. రాయి నర్సమ్మా. పోయినవాడు నీ సొంత అన్న అని నాకు తెలుసు. ఆ రోజు నేను కోటరు సీసా తెచ్చాను. కొంగులో చుట్టి గేటు కూడా దాటించాను. పైకి ఎక్కుతూ ఎక్కుతూ మెట్ల మీద కూలబడి అదంతా నేనే తాగేశాను. అతనికి చుక్క పోసినా ప్రమాదమని డాక్టరు చెప్పిన మాట నిజమే. కానీ నేను డాక్టరు మాట విని తాగలేదు, నాకు కావలసి తాగాను. ఐదేళ్ళుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది అరకు సంతలో. రెండోసారి నీకు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నర్సమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే, నలుగురి ముందు చదవడానికి వీలుగా సరిచేసి రాస్తోంది. తప్పులుంటే ఆవిడవి, అబద్ధాలుంటే నావి. ఈసారి అబద్ధాలు లేవు.

కొత్తవలసలో బయలుదేరడం

నేను విస్తళ్ళు కుట్టి అమ్ముతాను. వాటికి వాడే అడ్డాకు కొండ మీద నుంచి దిగుతుంది. మధ్యలో షావుకారు ఒకడు ఆకు తడిపి బరువు పెంచి అమ్ముతున్నాడు. అరకు సంతకు నేనే వెళ్ళి తెచ్చుకుంటే మేలని అందరూ అంటూనే ఉన్నారు. వెళ్ళడానికి నాకు భయం. ఆకు వల్ల కాదు.

అప్పటికి తాగడం మానేసి పదకొండు వారాలైంది. అంతకు ముందు రెండుసార్లు మానేశాను. రెండుసార్లూ ఊరు కదలగానే మళ్ళీ మొదలైంది. ఒకసారి శృంగవరపుకోట సంతలో, ఒకసారి చెల్లెలి ఊళ్ళో గ్రామదేవత పండక్కి. ఇంటి దగ్గర గురువారం సాయంత్రం మానేసినవాళ్ళం పదిమందిమి ఒక బడి గదిలో కూర్చుంటాం. ఆ గురువారమే నన్ను నిలబెడుతోంది. అరకు వెళితే గురువారం తప్పుతుంది.

ఆ మీటింగు నడిపే మాస్టారికి చెప్పాను. ఆయనా ఒకప్పుడు తాగి బడి గంట కొట్టడం మరిచిపోయిన మనిషే.

“ఎల్లు పైడమ్మా. మరి మీటింగు మాత్రం తప్పకు. అరకులో కూడా మనలాటోల్లు కూసుంతారని ఇన్నాను,” అన్నాడు.

“ఎక్కడ మాస్టారూ?”

“అదే తెలీదు. ఎతుక్కో.”

మా మీటింగులో నాకొక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పేస్తాను. అక్కడ పుస్తకం ఒకటి చేతులు మారుతూ వస్తుంది. తలా ఒక పేజీ చదివి, తరవాత తన సంగతి చెప్పుకోవాలి. నా దగ్గరికి రాగానే “కళ్ళజోడు మర్చిపోయాను” అని పక్కవాడికి ఇచ్చేస్తాను. పేజీ చదవనిదానికి సంగతి చెప్పే హక్కేముందని నోరు కూడా విప్పను. పదకొండు వారాలు కళ్ళజోడు మర్చిపోతూనే ఉన్నాను.

రైలులో గుడ్డు

బుధవారం కిరండోల్ పాసింజరు. కొండ రైలు ఎక్కనివాళ్ళకి చెబుతున్నాను, కిటికీ పక్కన కూర్చోండి, కానీ తల బయట పెట్టకండి. సొరంగం వచ్చిందంటే పెట్టెలో ఉన్నవాళ్ళంతా పెద్దా చిన్నా లేకుండా కేకలు పెడతారు. మొదట్లో నేను పెట్టలేదు. నాలుగో సొరంగానికి నేనూ పెట్టాను. ఎన్నేళ్ళయిందో తాగకుండా అంత గట్టిగా అరిచి.

నా పక్కన కొండ మనిషి, నా వయసు ఆడది, ఒళ్ళో కోడిపెట్టను పెట్టుకుని కూర్చుంది. కూతురికి పురుడొచ్చిందట, కోడిని పట్టుకెళుతోంది.

“కాల్లు కట్టలేదేటి?” అన్నాను.

“దీనికి సిగ్గెక్కువ. కడితే అరవను కూడా అరవదు,” అంది.

బొర్రా దగ్గర జామకాయలు కొన్నాను, రూపాయికి నాలుగు. మా ఊళ్ళో రెండిస్తారు, అవీ చిలక కొట్టినవి. తరవాత ఒక పొడుగు సొరంగం వచ్చింది. చీకట్లో అందరూ అరుస్తున్నారు. కోడి బెదిరి నా ఒళ్ళోకి దూకింది. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. వెలుతురు వచ్చాక చూస్తే కోడి కింద, నా చీర కుచ్చెళ్ళలో, వెచ్చగా ఒక గుడ్డు.

పెట్టెలో అంతా నవ్వు. “పిన్నికి పురుడైంది” అన్నాడు ఎదురు బల్ల మీద గడ్డం ఆయన. నేను గుడ్డు తీసి ఆవిడకి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

“నీ ఒల్లో పెట్టింది. నీదే. మా కాడ అలాగే.”

“కోడి నీదే కదా?”

“కోడికి తెలీదేటి ఎక్కడ పెట్టాలో?”

ఇంకేం వాదించను. కొంగులో ముడి వేసుకున్నాను. ఒకప్పుడు సీసా దాచిన చోటే.

నా మోకాళ్ళకి ప్రార్థన

రాత్రి స్టేషన్లోనే పడుకుని, గురువారం పొద్దున్నే అరకులో తిరిగాను. చలి. పొలాల్లో వలిసె పూలు, ఎటు చూసినా పసుపు ఆరబోసినట్టు. టీ అర్ధరూపాయి ఎక్కువ, కానీ గ్లాసు పెద్దది. టీ కొట్టు మనిషిని అడిగాను, ఇక్కడ మీటింగు ఎక్కడ జరుగుతుందని. ఏ మీటింగు అన్నాడు. “అదే, గురువారం మీటింగు,” అన్నాను. ప్రార్థన ఇంటికి దారి చూపించాడు.

వెళ్ళాను. రేకుల షెడ్డు, చాపలు, ఇరవైమంది ఆడవాళ్ళు. మనం గుళ్ళో చెప్పులు విప్పినట్టే ఇక్కడా విప్పారు, అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది. పాటలు బాగున్నాయి. తరవాత పాస్టరమ్మ, గుండ్రటి ముఖం మనిషి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

“నీ బాద ఏటమ్మా?”

చెప్పాలి కదా. చెప్పలేకపోయాను. “మోకాల్లు,” అన్నాను.

అంతే, ఇరవైమందీ చుట్టూ చేరి నా మోకాళ్ళ మీద చేతులు పెట్టారు. ఎవరి భాషలో వాళ్ళు గట్టిగా మొక్కుతున్నారు. ఒక ముసలావిడ నా ఎడమ మోకాలు పట్టుకుని ఏడ్చేసింది. నా మోకాళ్ళు గుర్రం మోకాళ్ళలా ఉంటాయి, ఏ రోజూ నొప్పి ఎరగవు. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

తరవాత భోజనం పెట్టారు. కొర్రన్నం, చిక్కుడు గింజల కూర, ఎండుమిరపకాయ నలిపిన చింతపండు పులుసు. మా వైపు కొర్రలంటే పిట్టలకి వేసేదే. ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను. తింటుంటే ఆ ముసలావిడ వచ్చి “ఎలాగుంది మోకాలు?” అని అడిగింది. ఇక తట్టుకోలేకపోయాను. పాస్టరమ్మను పక్కకి పిలిచాను.

“మోకాల్లు కాదమ్మా. సారా. మానేసి పదకొండు వారాలు. మానేసినోల్లు కూసునే చోటు ఎతుకుతున్నాను.”

ఆవిడ నన్ను తిడుతుందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది ముందే సెప్తే బేగి తెలిసిపోయేది కదమ్మా. ఆ మీటింగు సంత రోజు. రేపు సంతలో, కల్లు వరసలో ఎతుకు.”

“కల్లు వరసలోనా?”

“ఆఁ. అక్కడే.”

ఆ పూట వాళ్ళ వరండాలోనే చాప వేశారు. నా గుడ్డు సంగతి విని పాస్టరమ్మ దాన్ని ఉడకబెట్టి ఇచ్చింది, సంతలో ఆకలేస్తే తినమని.

శుక్రవారం సంత

అరకు సంత చూడనివాళ్ళకి ఎలా చెప్పను. కొండల మీద నుంచి చీమల బారుల్లా దిగుతారు. కావిళ్ళు, బుట్టలు, ముక్కుకి మూడేసి పుడకల ఆడవాళ్ళు. పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, చీపురు కట్టలు, రాజ్మా గింజలు. తక్కెడతో తూచేది తక్కువ, కొలిచేదే ఎక్కువ. మానికతో కొలిచి, పైన ఒక గుప్పెడు ఊరికే పోస్తారు. మా బజార్లో ఆ గుప్పెడు కోసం పోట్లాడాలి. ఆకు కట్ట షావుకారు ధరలో సగానికి దొరికింది, పొడి ఆకు, ఒక్కటీ చిరగలేదు. పది కట్టలు తీసుకుని కాఫీ గింజలు అమ్మే మనిషి దగ్గర పెట్టి, కల్లు వరస ఎక్కడని అడిగాను. అడగక్కర్లేదు. వాసనే తీసుకెళ్ళింది.

జీలుగు కల్లు తెల్లగా పాలలా ఉంటుంది. కుండలు వరసగా, మూతులకి ఆకులు. వరస మొదట్లో నిలబడ్డాను. నోట్లో నీళ్ళూరుతున్నాయి, దాచను. మీటింగు ఇక్కడెలా ఉంటుంది, పాస్టరమ్మ నన్ను పరీక్షిస్తోందా అనుకున్నాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంటూనే వరస చివరిదాకా నడిచాను. అక్కడ ఒక వయసు గుంట, ఎర్ర చీర, ఆనపకాయ బుర్రతో కల్లు ముంచి నా ముందు పెట్టింది.

“రుసి సూడు పిన్నీ. డబ్బులొద్దు.”

నా చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది.

“ఓలె సెల్లీ, ఆ సెయ్యి ఇటు సాపు,” అని ఎదురుగా ఎవరో అన్నారు.

చూస్తే ఆ గుంటకి సరిగ్గా ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, నేల మీద ఒక ముసలమ్మ. ముందు పెద్ద అంబలి కుండ. చుట్టూ ఏడుగురు కూర్చుని దొన్నెల్లో తాగుతున్నారు.

“ముందు అంబలి,” అంది ముసలమ్మ. “తరవాత కల్లు కావాలంతే నానే పంపుతాను దాని కాడికి. మంచి కల్లే. నా కోడలు అబద్దం ఆడదు.”

“నీ కోడలా?”

“సూడు పిన్నీ,” అంది ఎర్ర చీర గుంట. “నాను కల్లు పోత్తాను, మా అత్త అంబలి పోత్తది. నా బేరం సగం ఆవిడే సెడగొడతాది. మళ్ళీ పొద్దున్న రెండు కుండలూ మోసుకొచ్చేది నానే.”

“సగమే కదే సెడగొట్టేను. మిగతా సగంతో నీ పిల్లలు సదూతన్నారు,” అంది అత్త.

ఇద్దరూ నవ్వుకున్నారు. నా చెయ్యి అప్పటికే అంబలి దొన్నె పట్టుకుని ఉంది. చోడి పిండి అంబలి, పుల్లగా, చల్లగా, ఉల్లిపాయ నంజుకి. రెండు దొన్నెలు తాగేసరికి కడుపు నిండి, ఎదురు కుండ వాసన కొంచెం దూరం జరిగింది. అప్పుడు అడిగాను.

“ఇక్కడ మీటింగు ఎప్పుడు?”

“తాగుతున్నావు కదా,” అంది ముసలమ్మ. పేరు సుక్రి.

జారుముడి

వాళ్ళ పద్ధతి చెబుతాను, మన మీటింగువాళ్ళు వినాలి. కొండల్లో ఒక్కో ఊరు ఒక్కో దిక్కున ఉంటుంది. అందరూ కలిసేది సంతరోజే, తాగేదీ సంతరోజే. అందుకని కల్లు వరస చివర కూర్చుంటారు. వరసలోకి వచ్చినవాడిని పేరు పెట్టి పిలిచి ముందు అంబలి పోస్తారు. తిట్టరు, నీతులు చెప్పరు. అంబలి తాగిన తరవాత కూడా కల్లుకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, నా కళ్ళముందే ఒకాయన వెళ్ళాడు. “వచ్చే వారం రా, మామా,” అన్నారు, అంతే.

పుస్తకం లేదు. అదే నాకు మొదట కనపడింది. పుస్తకం ఏదని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చదువు వచ్చినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

తలా ఒక సంగతి చెప్పారు. సోమ్రా అనే బక్క మనిషి, దేవుడికి కొయ్యాల్సిన కోడిని దారిలో కల్లుకి అమ్మేశాడట. “కోడి ఎగిరిపోనాదని దేవుడికి సెప్పేను. దేవుడు ఏటీ అన్లేదు. నా పెల్లాం అన్నాది,” అన్నాడు. ఏమందో కూడా చెప్పాడు, నర్సమ్మ రాయనంటోంది.

లెక్కకి వాళ్ళకి తాడు. ఆ కొండల్లో పెళ్ళికి పిలవాలంటే ముడులు వేసిన తాడు పంపుతారట. రోజుకో ముడి విప్పుకుంటూ పోతే, ఆఖరి ముడి విప్పిన రోజు పెళ్ళి. వీళ్ళు దాన్ని తిరగేశారు. తాగకుండా గడిచిన సంతకి ఒక ముడి వేస్తూ పోతారు. సుక్రి తాడు నడుం చుట్టూ మూడు వరసలు తిరిగింది. సోమ్రాది బొటనవేలంత.

నాకు అడ్డతీగ నార ఇచ్చారు. అడ్డనారతో నాకు పుట్టినప్పటి నుంచి పని. గబగబా పదకొండు ముడులు వేసి గర్వంగా చూపించాను. సుక్రి తాడు అందుకుని, గట్టిగా ఉందో లేదో చూద్దామని కొస పట్టి ఒక్కసారి లాగింది. సర్రున పదకొండూ విడిపోయాయి. చేతిలో ఉత్త నార మిగిలింది.

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. విస్తరి కట్టలకి జారుముడి వేస్తాం, కొన్నవాడు ఒక్క లాగుడుకి విప్పుకోవాలని. ముప్పై ఏళ్ళ అలవాటు, వేళ్ళు దాన్నే వేశాయి.

సోమ్రా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎదురుగా కోడలు చేతిలో కల్లు బుర్ర కింద పెట్టి మరీ నవ్వింది. “పదకొండు వారాలు, ఒక్క లాగుడు,” అని ఎవరో అంటే ఇంకా నవ్వారు. చూస్తూ చూస్తూ నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

“నవ్వకండ్రా,” అంది సుక్రి, తనూ నవ్వుతూ. “మనందరిదీ ఆ ముడే. మళ్ళీ ఎయ్యి సెల్లీ. ఈసారి పీటముడి.”

పదకొండు పీటముడులు వెయ్యడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళు కుండలో మిగిలింది పంచుకుంటూ నాకోసం ఆగారు. వేస్తూ వేస్తూ, ఒక్కో ముడికి ఒక్కో వారం సంగతి చెబుతూ పోయాను. ఎవరూ నా చేతిలో పేజీ పెట్టలేదు. పదకొండు వారాల్లో నేను మీటింగులో నోరు విప్పింది అదే మొదలు.

అతనికి తెచ్చింది

లేచేముందు వాళ్ళు ఒక పని చేస్తారు. తాగుడుతో చనిపోయిన తమవాళ్ళకి ఒక్కో దొన్నెలో అంబలి పోసి, నేల మీద పెడతారు. కొండల్లో పోయినవాళ్ళకి కల్లు పెట్టడమే ఆచారం. వీళ్ళు అంబలికి మార్చారు.

“మా నాయన అంబలి సూత్తే తిడతాడు,” అన్నాడు సోమ్రా, దొన్నె పెడుతూనే.

“తిట్టనీ. ఆకలేత్తే అతనే వత్తాడు,” అంది సుక్రి. నా వైపు తిరిగింది. “నీకెవలున్నారు?”

అప్పుడు చెప్పాను. ఆసుపత్రి మెట్ల సంగతి, అతను అడిగింది, నేను అన్నది, అన్నీ. చెబుతుంటే ఎవరూ అయ్యో అనలేదు. ఎదురు వరసలో కోడలు మాత్రం బేరం ఆపి వింటోంది. చెప్పడం అయ్యాక సుక్రి దొన్నె నా చేతికిచ్చింది.

“అడిగేడు కదా. మరి ఇప్పుడు సెప్పు.”

దొన్నెలో అంబలి పోశాను. కొంగు విప్పాను. ఉడికిన గుడ్డు ఉంది. పెంకు ఒలిచి దొన్నె పక్కన ఆకు మీద పెట్టాను. అతనికి గుడ్డంటే ప్రాణం. తాగినప్పుడు నంజుకి గుడ్డు లేకపోతే కంచం విసిరేసేవాడు.

“అంబలి తెచ్చేను,” అన్నాను. “గుడ్డు తెచ్చేను. ఉప్పు లేదు.”

“ఉప్పు నా కాడుంది,” అంది కోడలు. కల్లు కుండ వెనక నుంచి పొట్లం తీసి, వచ్చి చిటికెడు వేసి వెళ్ళింది.

మళ్ళీ ఇల్లు

తిరుగు రైల్లో ఆకు కట్టలు పైన బల్ల మీద పెట్టాను. ప్రతి సొరంగంలోనూ అరిచాను. టిక్కెట్టు చూసే ఆయన తాడు చూసి “మొక్కా?” అన్నాడు. “పెల్లి పిలుపు,” అన్నాను. నా వయసు చూసి ఇంకేం అడగలేదు.

గురువారం మీటింగులో పుస్తకం నా దగ్గరికి వచ్చింది. “నాకు చదువు రాదు, కళ్ళజోడు లేదు, ఎప్పుడూ లేదు,” అని చెప్పేశాను.

“తెలుసమ్మా,” అన్నాడు మాస్టారు. “కల్లజోడు లేనోల్లు మర్సిపోడం ఎలాగా? నువ్వే సెప్తావని సూత్తన్నాం.” తరవాత నా తాడు చేతిలోకి తీసుకుని ఒక్కో ముడీ తడిమాడు. “వచ్చే వారం పుస్తకం వద్దు. నువ్వు సూసొచ్చింది ఎవలి సేతైనా రాయించుకురా. అదే సదూదాం,” అన్నాడు.

అందుకే ఇదంతా. ఇంతవరకు రాసి నర్సమ్మ కలం కింద పెట్టింది. తిడుతుందనే అనుకున్నాను. చివరికి కాగితాలు సర్దుతూ, “అన్నకి గుడ్డు మీద మిరియం కూడా ఉండాలి వదినా,” అంది.

వచ్చేసారి మిరియం పట్టుకెళతానని రాయి. రాశావా? ఇప్పుడు మొదట్నుంచీ చదువు, నర్సమ్మా. ‘ఏటి తెచ్చేవే’ దగ్గర కావాలంటే ఆగి చదువు, తొందరేం లేదు. నేను ఈ వారం ముడి వేసుకుంటూ వింటాను.